తక్కువ తిరిగిన కారంటేనే నాకు భయం

ప్రశ్న: మాది నరసరావుపేట దగ్గర పల్లెటూరు. పదకొండేళ్లుగా బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, కుందలహళ్లిలో సొంత ఫ్లాటు. ఇంట్లో ఐ20 ఉంది. కాలేజీ రోజుల నుంచీ పోర్షే కొనాలని కోరిక. కొత్తది మన వల్ల కాదు కాబట్టి సెకండ్ హ్యాండ్‌లో 2014 కేమన్ చూస్తున్నాను. రెండు దొరికాయి. ఒకటి ముంబై రిజిస్ట్రేషన్, ఒకే ఓనరు, 11,400 కిలోమీటర్లే తిరిగింది, అద్దంలా ఉంది, 46 లక్షలు అంటున్నారు. రెండోది బెంగళూరు బండే. 41,000 తిరిగింది, ఇప్పుడున్నది మూడో ఓనరు, ముందు బంపర్ నిండా రాళ్లు తగిలిన చుక్కలు. 47 లక్షలకు పైసా తగ్గనంటున్నాడు. నాకు మొదటిదే నచ్చింది. కర్ణాటకలో ట్యాక్సు ఎక్కువ కాబట్టి హైదరాబాద్‌లో మా బాబాయి అడ్రస్ మీద రిజిస్టర్ చేయిద్దామని బ్రోకరు సలహా. సగం డబ్బు చేతిలో ఉంది, మిగతాది లోన్. మెయింటెనెన్స్ తట్టుకోగలనా? మా ఆవిడ మాత్రం ఆ డబ్బుతో ఊళ్లో స్థలం కొందామంటోంది.
— ఒక పాఠకుడు, కుందలహళ్లి, బెంగళూరు

సమాధానం: మీ ఉత్తరంలో నన్ను ఆపేసిన అంకె 46 లక్షలు కాదు, 11,400. పదేళ్లు దాటిన కారు అంతే తిరిగిందంటే నెలకు వంద కిలోమీటర్లు కూడా పడలేదన్నమాట. మీ కుందలహళ్లి నుంచి నంది కొండకు ఒకసారి వెళ్లి రావడానికి కూడా అది చాలదు. మరి ఆ కారు ఇన్నేళ్లూ ఏం చేసినట్టు? నిలబడి ఉంది. నిలబడి ఉన్న కారు పాడవదని మనవాళ్లలో ఒక నమ్మకం. ఆ నమ్మకానికి నేను కట్టిన ఫీజు గురించి ముందు చెప్తాను.

2018లో నేను కొన్నది 2010 మోడల్ పోర్షే బాక్‌స్టర్. మీటరు మీద 9,000 చిల్లర. అమ్మినాయన దాన్ని పూజగదిలో విగ్రహంలా చూసుకున్నాడు. కవరు తీసి చూపించగానే నాకు నోట మాట రాలేదు. టైర్ల గాడులు చూశాను, లోతుగా కొత్తవాటిలాగే ఉన్నాయి. తేదీ మాత్రం చూడలేదు. టైరు పక్కన చిన్న కోడిగుడ్డు ఆకారపు గీతలో నాలుగంకెలు ఉంటాయి. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. నా టైర్ల మీద 4409 అని ఉంది, అంటే 2009లో నలభై నాలుగో వారం. కారుతోపాటు ఫ్యాక్టరీ నుంచి వచ్చిన టైర్లే. జూన్‌లో మొదటి వానకు యలహంక దాటాక, పెద్ద స్పీడు కూడా లేదు, వెనక భాగం నా పర్మిషన్ లేకుండా పక్కకు వెళ్లిపోయింది. ఎవరికీ ఏం కాలేదు. పక్కకు ఆపి దిగి టైరు మీద గోరుతో నొక్కితే గోరే వంగింది గానీ రబ్బరు వంగలేదు. పాత చెప్పు అడుగులా గట్టిపడిపోయింది.

నెల తిరక్కుండానే ఏసీ ఆగింది. ఈ కార్లలో రేడియేటర్లు ముందు బంపర్ లోపల చెరో పక్కన ఉంటాయి, వాటి ముందు ఏసీ కండెన్సర్లు. బంపర్‌లో ఉన్న ఆ నోళ్లలోంచి ఎండుటాకులు లోపలికి పోతాయి. పోయినవి బయటికి రావు. వానకు తడిసి, కుళ్లి, అల్యూమినియం రెక్కల్ని మెల్లగా తినేస్తాయి. మెకానిక్ బంపర్ విప్పి రెండు దోసిళ్ల మట్టి, ఆకులు కింద పోశాడు. వాటిలో కొన్ని మామిడాకులని ఇంకా తెలుస్తూనే ఉంది. అమ్మినాయన ఇంటి గేటు దగ్గర మామిడి చెట్టు ఉండటం నాకప్పుడు గుర్తొచ్చింది. కండెన్సర్లు రెండూ మార్చాను. ఆ తర్వాత వాటర్ పంపు, ఆ తర్వాత బ్యాటరీ. మొత్తం ఖర్చు మా ఇంట్లో ఇప్పటికీ పూర్తిగా తెలియదు. ఇక్కడ కూడా రాయను.

అందుకే మీ రెండు కార్లలో నా ఓటు రాళ్ల చుక్కలు ఉన్న బెంగళూరు బండికి. ఆ చుక్కలు హైవే మీద నడిస్తేనే పడతాయి. ట్రాఫిక్‌లో నలిగిన కారుకు బంపర్ మూలలు గీసుకుపోతాయి, మూతి మీద చుక్కలు పడవు. మూడో ఓనరు అనగానే ముఖం చిట్లించకండి. స్పోర్ట్స్ కార్లు చేతులు మారుతూనే ఉంటాయి. కొందరు రెండేళ్లు సరదా తీర్చుకుని, పిల్లలు పుట్టగానే అమ్మేస్తారు. ముగ్గురు ఓనర్ల సర్వీస్ బిల్లులూ ఒక ఫైలులో ఉన్నాయా లేదా అన్నదే అడగండి. ఉంటే ఆ కారు 47 లక్షలకు ఎక్కువేమీ కాదు. లేకపోతే 40కి కూడా వద్దు.

సర్వీసు కిలోమీటర్లను బట్టే అనుకుంటారు చాలామంది. ఈ కార్లకు సంవత్సరాలను బట్టి కూడా. ఆయిల్ ఏడాదికోసారి, బ్రేక్ ఆయిల్ రెండేళ్లకోసారి, స్పార్క్ ప్లగ్గులు నాలుగేళ్లకోసారి మార్చాలి. పీడీకే (పోర్షే ఆటోమేటిక్) గేర్‌బాక్స్ ఆయిల్‌కు, ఇంజన్ బెల్టుకు కూడా వయసు లెక్క ఉంది. ముంబై కారు ఫైలులో “కారు తిరగలేదు కదా, అందుకే సర్వీసు చేయించలేదు” అన్న ఖాళీలు నాలుగేళ్లో ఐదేళ్లో కనిపిస్తే, ఆ ఖాళీలన్నీ నింపాల్సింది మీరే.

ఆ 11,400 అసలు నిజమేనా అన్నది ఇంకో సందేహం. మీటరు తిప్పడం మన దేశంలో కొత్త విద్య కాదు. దీనికి పోర్షేలో మంచి మందుంది. ఇంజన్ కంప్యూటర్ మొత్తం ఎన్ని గంటలు నడిచిందో రాసిపెట్టుకుంటుంది, ఎర్రగీత (ఇంజన్ వేగానికి పెట్టిన హద్దు) దాటి తిప్పిన సందర్భాలను కూడా. పోర్షే సర్వీస్ సెంటర్లో టెస్టర్ తగిలిస్తే ఆ రిపోర్టు వస్తుంది. కిలోమీటర్లను గంటలతో భాగించండి. 11,400 కి 550 గంటలు వస్తే గంటకు 20 కిలోమీటర్ల సగటు, ముంబై రోడ్లకు సరిపోతుంది. అదే 2,000 గంటలు వస్తే సగటు ఆరు కూడా లేదు. సిల్క్ బోర్డు జంక్షన్ ట్రాఫిక్‌లో సాయంత్రం ఆరింటికి కూడా అంత నెమ్మదిగా ఎవరూ ఏళ్ల తరబడి నడపరు. బెంగళూరు కారుకు 1,500 గంటల దగ్గర వస్తే సగటు 27. ఆదివారం తెల్లవారుజామున నడిపిన మనిషి లెక్క అది.

ఈ తనిఖీ ఖర్చు మీరే పెట్టుకోండి, కారును మీరు చెప్పిన సెంటర్‌కే తీసుకెళ్లండి. బెంగళూరులో పోర్షే అధీకృత సర్వీస్ సెంటర్ ఉంది కాబట్టి సాకులు అక్కర్లేదు. “మా మెకానిక్ చూశాడు సార్, టెన్షన్ పడకండి” అని బ్రోకరు అంటే అక్కడితో నమస్కారం పెట్టేయండి. కారును లిఫ్ట్ మీద ఎక్కించి అడుగు భాగం చూడాలి, ముందు బంపర్ లోపల టార్చ్ వేసి ఆకులు చూడాలి. రాత్రంతా నిలిపిన కారును మీ ముందే స్టార్ట్ చేయించండి. మీరు వెళ్లేసరికి ఇంజన్ వేడిగా ఉందంటే ఎవరో ముందే స్టార్ట్ చేసి ఏదో దాచారన్నమాట. పెయింట్ మందం కొలిచే మీటరు తెప్పించండి. ఫ్యాక్టరీ పెయింట్ మామూలుగా 100 నుంచి 150 మైక్రాన్ల మధ్య ఉంటుంది. ఒక చోట 300, 400 చూపిస్తే అక్కడ ఏదో జరిగింది. అయస్కాంతం జేబులో వేసుకుని వెళ్లే పాతకాలపు తెలివి ఇక్కడ పనిచేయదు. ఈ కేమన్ తలుపులు, రెండు డిక్కీల మూతలు అల్యూమినియంవి, మంచి డోరుకు కూడా అయస్కాంతం అతుక్కోదు. అల్యూమినియం మీద కూడా కొలిచే మీటరే కావాలి.

నీళ్ల సంగతి. 2022 సెప్టెంబరులో బెళ్ళందూరు, యమలూరు వైపు విల్లాల ముందు ఖరీదైన కార్లు అద్దాల వరకు మునిగిన ఫోటోలు మీరూ చూసే ఉంటారు. ఆ కార్లన్నీ తుక్కుకే పోయాయని చెప్పలేం. మూడో ఓనరును సూటిగా అడగండి, అప్పుడు ఈ కారు ఎక్కడుంది, ఎవరి దగ్గరుంది అని. ఆయన ఏం చెప్పినా మీరు సీట్‌బెల్టును చివరిదాకా బయటికి లాగి చూడండి. కార్పెట్ మారుస్తారు, సీట్లు కడుగుతారు, బెల్టు చివరి జానెడు మాత్రం లోపలే చుట్టుకుని ఉంటుంది, దాని మీద బురద గీత అలాగే ఉండిపోతుంది. ముంబై కారుకూ ఇదే పరీక్ష.

ఇప్పుడు బ్రోకరు సలహా గురించి. అది సలహా కాదు, ఆయన పని సులువు చేసుకునే ఉపాయం. మోటారు వాహనాల చట్టంలో 47వ సెక్షన్ ప్రకారం ఒక రాష్ట్రంలో రిజిస్టరైన బండిని వేరే రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంచితే అక్కడ మళ్లీ రిజిస్టర్ చేయించాల్సిందే. మీరు కాపురం ఉండేది ఇక్కడ, కారు పడుకునేది మీ బేస్‌మెంటులో. 2025 ఫిబ్రవరిలో బెంగళూరు రవాణా శాఖ వాళ్లు ట్యాక్సు కట్టని బయటి రాష్ట్రాల ఖరీదైన కార్లను ముప్పై దాకా పట్టుకున్నారు. అదే ఏడాది జూలైలో మహారాష్ట్ర నంబరున్న ఒక ఫెరారీ ఓనరు జయనగర ఆర్టీఓ పరిధిలో 1.42 కోట్లు కట్టి కారును విడిపించుకోవాల్సి వచ్చింది. ఎర్ర ఫెరారీ కాబట్టి దొరికింది, తెల్ల ఇన్నోవా అయితే దొరికేది కాదేమో అని మీరు అనుకోవచ్చు. మీరు కొంటున్నదీ ఇన్నోవా కాదు. పైగా కారు బాబాయి పేరు మీద ఉంటే రేపు యాక్సిడెంట్ క్లెయిము ఆయన పేరు మీదే. కారు మీ పేరు మీద, అడ్రస్ మాత్రం ఆయనది పెడితే అది తప్పుడు సమాచారం. పెద్దాయన్ని ఇందులోకి లాగకండి.

ముంబై కారు ఎంత పడుతుందో లెక్క ఇలా వేయండి. అక్కడి ఆర్టీఓ నుంచి ఎన్ఓసీ తెచ్చుకోవాలి, ఇక్కడ కె.ఆర్. పురం ఆర్టీఓలో రిజిస్టర్ చేసుకోవాలి, కర్ణాటక జీవితకాల ట్యాక్సు కట్టాలి. 20 లక్షలు దాటిన కొత్త కారుకు ఇక్కడ 18 శాతం, ఆ పైన సెస్. పాత కారుకు వయసును బట్టి తగ్గిస్తారు. అయితే మొదలుపెట్టేది మీరిచ్చే 46 లక్షల నుంచి కాదు, ఆ కారు కొత్తగా ఉన్నప్పటి ధర నుంచి. మహారాష్ట్రలో మొదటి ఓనరు కట్టిన ట్యాక్సులో మిగిలిన భాగం వాపసు అడగొచ్చు గానీ, దాన్ని లెక్కలో వేసుకోకండి, వస్తే దసరా బోనస్ అనుకోండి. ఆర్టీఓలో మీ కారు సంవత్సరం చెప్పి ట్యాక్సు ఎంతో ముందే తెలుసుకుని 46కి కలపండి. ఏ కారు చవకో అప్పుడు తెలుస్తుంది.

లోన్ దగ్గర మీరు కొంచెం తేలిగ్గా రాశారు. పదేళ్లు దాటిన కారుకు చాలా బ్యాంకులు లోన్ ఇవ్వవు. అప్పుడు మిగిలేది పర్సనల్ లోన్. దాని వడ్డీతో స్పోర్ట్స్ కారు కొనడం నేను ఒప్పుకోను, తిట్టినట్టు అనుకున్నా పర్లేదు. సగం డబ్బే ఉంటే సగం ధరలో ఉన్న కారు చూడండి, లేదా రెండేళ్లు ఆగండి. బాగా చూసుకున్న పాత కేమన్లు అప్పుడూ దొరుకుతాయి.

ఇన్సూరెన్స్ సంగతి కొన్న తర్వాత తెలిసి చాలామంది లబోదిబోమంటారు. జీరో డెప్రిసియేషన్ అన్న సౌకర్యం ఇంత పాత కారుకు దొరకడం కష్టం. అది లేకపోతే క్లెయిములో రబ్బరు, ప్లాస్టిక్ భాగాలకు సగమే ఇస్తారు. పదేళ్లు దాటిన కారుకు ఇనుము, అల్యూమినియం భాగాలకూ సగమే. బంపర్ పోతే సగం, ఫెండర్ పోతే సగం మీ జేబులోంచి. వాననీళ్లు ఇంజన్‌లోకి పోయి ఆగిపోయినచోట మళ్లీ మళ్లీ స్టార్ట్ కొడితే, మామూలు పాలసీ దాన్ని మీ తప్పు కింద చూస్తుంది. నీళ్లు నిలిచిన అండర్‌పాస్ ముందు ఏ కారైనా ఎడ్లబండేనని గుర్తుంచుకుని వెనక్కి తిప్పండి. అమ్మినాయన నో క్లెయిమ్ బోనస్ మీకు రాదు, అది మనిషిది, కారుది కాదు. పాలసీని పేరు మార్పించుకోవడానికి 14 రోజుల గడువే ఉంది. ఇంకో సంగతి, శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టై రేసు ట్రాక్ మీద ఎప్పుడో ఒకసారి తిప్పాలని మీకు తప్పకుండా అనిపిస్తుంది. వెళ్లండి, బాగుంటుంది. కానీ రేసులకు, స్పీడు పరీక్షలకు మామూలు పాలసీ వర్తించదు. అక్కడ తగిలిన దెబ్బ మొత్తం మీ ఖాతాలోదే.

మెయింటెనెన్స్ తట్టుకోగలనా అన్నారు. మీరు ఫార్చ్యూనర్ ధరకు కొంటున్నారు, స్పేర్లు మాత్రం కోటి పైచిలుకు కారువి. ఆయిల్ ఏడు లీటర్ల పైన పడుతుంది. టైర్లు ముందు ఒక సైజు, వెనక ఒక సైజు, కాబట్టి ముందువి వెనక్కి మార్చి అరుగుదల సరిచేసే వీలు లేదు. పోర్షే ఆమోదించిన టైర్ల పక్కన ‘ఎన్’ అక్షరం, పక్కన ఒక అంకె ఉంటాయి, అవే వేయించండి. స్టెప్నీ లేదు. పంక్చర్ అయితే డబ్బాలో ఉన్న జిగురు, చిన్న కంప్రెసర్, దేవుడు. కొన్న రోజే ఐదారు లక్షలు విడిగా బ్యాంకులో వేసి, తర్వాత ఏడాదికి కారు ధరలో పదో వంతు చొప్పున కలుపుతూ ఉండండి. ఒక ఏడాది అందులో పావు కూడా ఖర్చవదు, మరుసటి ఏడాది మొత్తం ఊడ్చుకుపోతుంది. పెట్రోలు 95 ఆక్టేన్ గ్రేడుకు తగ్గకుండా పోయించండి. ఆక్టేన్ వేరు, ఇథనాల్ వేరు అని గుర్తుంచుకోండి. ఇథనాల్ కలిసిన పెట్రోలు తేమను పీల్చుకుంటుంది, కాబట్టి దాన్ని ట్యాంకులో నెలల తరబడి నిల్వ ఉంచకండి.

ఇంజన్ చూడాలని బానెట్ ఎత్తకండి, అక్కడ ఉండదు. సీట్ల వెనక ఉంటుంది. వెనక డిక్కీ తెరిస్తే రెండు మూతలు మాత్రం కనిపిస్తాయి, ఒకటి ఆయిల్‌కు, ఒకటి కూలెంట్‌కు. ఆయిల్ చూసే పుల్ల కూడా లేదు, డ్యాష్‌బోర్డు తెర మీదే చూసుకోవాలి. ముందు డిక్కీలో ఇరవై అయిదు కిలోల సోనా మసూరి బస్తా సుఖంగా పడుతుంది, ఇది నేను స్వయంగా చూసిన సత్యం. బ్యాటరీ కూడా ఆ ముందు మూత కిందే. ఆ మూత తెరుచుకునేది కరెంటుతో. సంక్రాంతికి మూడు వారాలు ఊరెళ్లొచ్చాక బ్యాటరీ చచ్చిపోయి, బ్యాటరీ కోసం మూత తెరవాలంటే బ్యాటరీ కావాలని తెలిసిన రోజు నా మొహం చూసి మా వాచ్‌మన్ నవ్వు ఆపుకోలేకపోయాడు. ఫ్యూజ్ బాక్సులో ఒక ఎర్ర పిన్ను బయటికి లాగి, దానికి ఇంకో బ్యాటరీ నుంచి కరెంటు ఇస్తే మూత తెరుచుకుంటుంది. మీరు ఆ వేషం వేయకుండా పార్కింగ్ స్తంభం దగ్గర ఒక ప్లగ్ పాయింటు పెట్టించుకుని, వదలకుండా తగిలించి ఉంచే బ్యాటరీ ఛార్జరు కొనండి. అసోసియేషన్‌కు ముందే చెప్పండి, కరెంటు బిల్లు మీద మీటింగు పెట్టేది వాళ్లే.

మీ ఆవిడ మాట గురించి నన్ను మధ్యలో పెట్టకండి. ఒక్కటి మాత్రం అడుగుతాను. ఆ కారును ఎప్పుడు, ఎక్కడ నడుపుతారు? రోజూ ఔటర్ రింగ్ రోడ్డు మీద ఆఫీసుకైతే స్థలమే కొనండి. ఆదివారం ఐదింటికి లేచి హొస్కోటె దాటి కోలారు వైపు, లేదా నంది వైపు వెళ్లి ఇడ్లీ తిని ఎనిమిదిన్నరకు ఇంటికి చేరతాను, వారం తప్పను అంటే కారు మీకు పనికొస్తుంది, మీరూ కారుకు పనికొస్తారు. నెలకు మూడు నాలుగు వందల కిలోమీటర్లైనా నడపలేని వాళ్ల దగ్గర అది కూడా ఆ ముంబై కారులాగే తయారవుతుంది.

టోకెన్ అడ్వాన్స్ ఇచ్చే ముందు ఇంకొక్క పని. ఓనరును పక్కన కూర్చోబెట్టుకుని ఆ కారును మీ అపార్ట్‌మెంటు బేస్‌మెంటులోకి ఒకసారి దింపి, మళ్లీ ఎక్కించండి. ర్యాంపు కింద నేల కలిసే చోట ముక్కు, పైన గేటు దగ్గర పొట్ట గీసుకుంటాయి. ఏటవాలుగా, ఒక చక్రం తర్వాత ఒకటి ఎక్కేలా తిప్పి చూడండి, మీ ఆవిడను బయట నిలబెట్టి కింద ఎంత సందు ఉందో చూడమనండి. గీసుకుంటే రాత్రిళ్లు కారు ఎక్కడ పెడతారో అప్పుడే తేల్చుకోండి.